పటం అంచున పారమ్మ చేను

ఏటి మీద కట్ట కట్టాలంటే ముందు ఆట గెలవాలని మాకు ఉత్తర్వు వచ్చింది. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. నేను నీటిపారుదల శాఖలో ఇరవై ఏడేళ్ళుగా వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్నాను. తుమ్మేరు మీద కట్టిన కట్ట మూడుసార్లు కొట్టుకుపోవడం కళ్ళారా చూశాను. మొదటిసారి సిమెంటు తక్కువైందన్నారు. రెండోసారి ముహూర్తం బాగాలేదన్నారు. మూడోసారి ఎవరూ ఏమీ అనలేదు, అప్పటికి అందరికీ అలవాటైపోయింది. అందుకని రాజధానిలో పెద్దలు కూర్చుని ఆలోచించి, మనవాళ్ళకి కట్టడం చేతకావడం లేదు, చేతకావాలంటే ముందు ఆడుకోవాలి అని తేల్చారు.

ఆట పేరు జలశిల్పి. కంప్యూటరు తెర మీద పటం కనిపిస్తుంది. అందులో మన ఏరు, మన కొండ, మన రోడ్డు ఉన్నవి ఉన్నట్టుగా ఉంటాయి. మీట నొక్కితే గోడలు లేస్తాయి, వేలెడంత మనుషులు ఎర్ర టోపీలు పెట్టుకుని తట్టలు మోస్తారు. తప్పు చేస్తే కట్ట కూలిపోయి విచారంగా సన్నాయి మోగుతుంది. సరిగ్గా కడితే మూడు నక్షత్రాలు వస్తాయి. ఆ మూడు నక్షత్రాలూ వచ్చేదాకా నేల మీద పలుగు దించకూడదు.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ) విరూపాక్షరావు గారు ఆ ఉత్తర్వును లేచి నిలబడి చదివారు. పైనుంచి వచ్చిన ఏ కాగితాన్నీ ఆయన కూర్చుని చదవరు.

"ఆట యందు లేనిది నేలపై ఉండరాదు. ఆట యందు ఉన్నది నేలపై ఉండి తీరవలెను. కార్యాలయము రాతపూర్వకముగా అంగీకరించిన ప్రతి విషయమును ఇరవై నాలుగు గంటలలో ఆట యందు నమోదు చేయవలెను. ఆట నిలిచినచో పని నిలుపవలెను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంత స్పష్టతండీ! ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత స్పష్టత చూడలేదు."

ఆ స్పష్టత వారం తిరక్కుండానే మా సైటుకి చేరింది. ఆటలో కూలీలు ఎర్ర టోపీలు పెట్టుకుంటారు కాబట్టి మా కూలీలకీ ఎర్ర టోపీలు వచ్చాయి. ఆటలో ఎవరూ టీ తాగరు కాబట్టి గట్టు మీదున్న టీకొట్టు లేచిపోయింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ తరువాత ఈఈ గారు తెర దగ్గరికి వంగి చాలాసేపు చూసి నన్ను పిలిచారు.

"సింహాద్రీ, ఏట్లో ఆ తెల్లగా కదులుతున్నవేమిటోయ్?"

"బాతులండీ. ఊరికే అందానికి పెట్టినట్టున్నారు."

"ఎన్ని?"

"మూడండీ."

"మన సైటులో ఎన్ని ఉన్నాయి?"

లేవని చెప్పాను. ఆయన ఉత్తర్వు కేసి చూశారు. నేను మూడు బాతులు కావాలని ఇండెంటు రాశాను. మొదట వచ్చిన వాటిలో ఒకటి గోధుమరంగుది కావడంతో దాన్ని వెనక్కి పంపి తెల్లదాన్ని తెప్పించాం. బాతుల బాధ్యత ఎవరికి అప్పజెప్పాలన్న ప్రశ్న వచ్చినప్పుడు గదిలో అందరూ నా వైపే చూశారు.

ఆట ఆడే పని మా అసిస్టెంటు ఇంజనీరు నీలవేణి మేడమ్‌ది. ఉద్యోగంలో చేరి రెండేళ్ళైంది. తెలివైన మనిషి, మాట తక్కువ. పదకొండు రోజులు ఆడింది, పదకొండుసార్లు సన్నాయి మోగింది. ఆఫీసులో అందరికీ ఆ రాగం నోటికి వచ్చేసింది. అటెండరు ఫైళ్ళు మోస్తూ అదే కూనిరాగం తీసేవాడు.

పన్నెండో రోజు ఆవిడ ఈఈ గారికి విషయం చెప్పింది. "సార్, పునాది వేయాలంటే ఏటి అడుగు ఎండాలి. మామూలుగా అయితే రింగు కట్ట వేసి నీళ్ళు పక్కకి మళ్ళిస్తాం. ఆటలో రింగు కట్ట లేదు."

"లేనిది ఉండరాదు."

"అవును సార్. పంపులు మాత్రం ఎన్నయినా ఉన్నాయి."

ఆ సాయంత్రం ఆవిడ ఏటికి అడ్డంగా నలభై రెండు పంపులు పెట్టింది. వాటి పైపులన్నీ తిన్నగా తూర్పుకి లాక్కెళ్ళి పటం అంచున వదిలేసింది. పంపులు నడిచాయి. నీళ్ళు పైపుల్లో పరుగెత్తి అంచు దాటి, అవతలున్న బూడిదరంగులో పడి మాయమైపోయాయి. తుమ్మేరు తెర మీద చూస్తూండగానే ఎండిపోయింది. వేలెడంత మనుషులు దిగి పునాది తవ్వారు, కట్ట లేచింది, మూడు నక్షత్రాలూ టపాటపా వెలిగాయి. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, అబద్ధం ఎందుకు?

చప్పట్లు ఆగాక అడిగాను. "మేడమ్, ఆ నీళ్ళు ఎక్కడికి పోయాయి?"

"పటం దాటాక నీళ్ళుండవండి సింహాద్రి గారూ. ఆటలో అంతే."

"మరి నేల మీద?"

ఆవిడ ఈఈ గారి వైపు చూసింది. ఈఈ గారు నక్షత్రాల మీంచి కళ్ళు తిప్పకుండానే అన్నారు, "నేల మీదా అంతే. ఉత్తర్వు అందుకేగా ఉంది."

నీలవేణి మేడమ్ అప్పటికప్పుడు 'నీరు చేరు స్థలము గూర్చి పరిశీలన అవసరం' అని ఒక నోటు పెట్టింది. దాని మీద ఈఈ గారు 'చూచితిని' అని రాసి పైకి పంపారు. పైవారు 'చూచితిమి' అని రాసి కిందికి పంపారు. అంతమంది చూశాక ఇంక ఎవరికీ పరిశీలించాల్సిన పని లేకపోయింది.

పటం అంచు ఎక్కడుందో నేల మీద వెతికే పని నాకు పడింది. టేపు పట్టుకుని మూడు రోజులు తిరిగాను. కొండ మలుపు నుంచి, వంతెన నుంచి, రోడ్డు మీద మైలురాయి నుంచి కొలిచి చూసినా లెక్క ఒక్కచోటికే వచ్చింది. సారవలస అనే ఊరి దిగువన ఒక నువ్వుచేను ఉంది. దాని పడమటి గట్టే పటం అంచు. గట్టు వరకూ పటంలో ఉంది. గట్టు దాటితే ఏమీ లేదు.

ఏమీ లేనిచోట ఒక మనిషి వంగి కలుపు తీస్తోంది.

ఆవిడ పేరు కర్రి పారమ్మ. యాభై దాటి ఉంటాయి. ఎనభై సెంట్ల ఆ చేను తప్ప ఆవిడకి భూమి మీద ఇంకో సెంటు లేదు. పుష్యమాసంలో చల్లిన నువ్వు మోకాలెత్తు పెరిగి పూతకొచ్చింది. నేను గట్టు వెంట ఎర్రరంగు రాళ్ళు పాతిస్తుంటే ఆవిడ నడుం నిటారుగా చేసుకుని వచ్చింది.

"ఏటి రాల్లివి బాబూ? ఎవులు పాతమన్నారు?"

"పటం అంచు రాళ్ళమ్మా. గవర్నమెంటువి."

"ఈ పైపులు?"

"ఏట్లో నీళ్ళు తోడి ఇక్కడ వదులుతారు. కట్ట కట్టడానికి."

"నువ్వుసేలో నీల్లొగ్గుతారా? రెండ్రోజులు నీల్లుంటే సాలు బాబూ, నువ్వు మొక్క ఏల్లు కుల్లి సచ్చిపోద్ది. నీకు తెల్దేటి?"

నాకు తెలుసు. మా నాన్న నువ్వులు పండించాడు. అయినా నేను సర్కారు జీతం తింటున్నవాణ్ణి కదా, నోటికి వచ్చింది అదే. "ఆ నీళ్ళు ఇక్కడికి వచ్చాక మాయమైపోతాయమ్మా."

పారమ్మ నా మొహం కేసి చూసింది. తాగానేమోనని చూసినట్టుంది. "మాయమైపోయే నీల్లయితే మీ ఈఈ గారింటి కాడ ఒగ్గీయండి. ఆల్లింట్లోనే మాయమవుతాయి," అని వెళ్ళి మళ్ళీ కలుపులో కూర్చుంది.

ఈ మాట నేను ఈఈ గారికి నోటితో చెప్పాను. రాసి ఇమ్మన్నారు. రాసి ఇచ్చాను. పటంలో లేని మనిషి చెప్పిన మాట ఫైల్లో పెట్టడం కుదరదని తిప్పి ఇచ్చారు. అప్పుడు నేను గట్టిగా అడిగి ఉండాల్సింది. అడగలేదు, అది నా తప్పే.

మాఘం వెళ్ళగానే పంపులు మోగాయి. నలభై రెండు పంపులు ఒక్కసారి మోగితే ఊళ్ళో ఒకరి మాట ఒకరికి వినపడదు. సారవలసలో మొగుడూ పెళ్ళాల తగాదాలు ఆ పక్షం రోజులూ సైగలతోనే జరిగాయి. మూడో రోజుకి తుమ్మేరు ఎండిపోయింది. ఈఈ గారు ఏటి నడుమ కుర్చీ వేయించుకుని కూర్చుని ఫొటో తీయించుకున్నారు. "నదిని నిలిపిన డివిజన్" అని దాని కింద రాయించి పైకి పంపారు.

అదే మూడో రోజున పారమ్మ చేలో నడుంలోతు నీళ్ళు నిలిచాయి. చేను పల్లంలో ఉంది, తూర్పు పక్క రోడ్డు కట్ట ఉంది. మిగిలిన నీరు రోడ్డు కింద తూములోంచి గెడ్డవాగులోకి పోయేది. నిలిచింది మాత్రం నిలిచే ఉంది.

సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్సుకి పారమ్మ డివిజన్ ఆఫీసుకి వచ్చింది. ఒక కట్ట నువ్వు మొక్కలు తెచ్చి ఈఈ గారి బల్ల మీద పెట్టింది. వేళ్ళు నల్లగా కుళ్ళి ఉన్నాయి. పూత ఇంకా రాలలేదు.

"ఏమిటివి?" అన్నారు ఈఈ గారు.

"నా సేను బాబూ. మూడ్రోజులై నీల్లలో ఉంది."

"ఏ నీళ్ళు?"

"మీవే. ఏటి నీల్లు."

ఈఈ గారు కోప్పడలేదు. ఆయన అర్జీదార్లతో ఎప్పుడూ మర్యాదగానే ఉంటారు. తెర ఆవిడ వైపు తిప్పి పుల్లతో చూపించారు. "చూడమ్మా. ఇది ఏరు. ఇవి పంపులు. ఇది అంచు. అంచు దాటాక నీరు ఉండుటకు అవకాశము లేదు. మీ చేను అంచుకి అవతల ఉంది. లేని నీటిలో మీ పంట ఎలా మునుగుతుంది?"

"ఆ బూడిదరంగులో ఉన్నది నా సేనేనా?"

"ఆ రంగులో ఏమీ లేదమ్మా. అందుకే ఆ రంగు."

పారమ్మ తెర దగ్గరగా వంగి చాలాసేపు వెతికింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి తిరిగిన చేను కోసం ఆవిడ అలా వెతుకుతుంటే నేను అక్కడ నిలబడలేకపోయాను. వరండాలోకి వచ్చేశాను.

సాయంత్రానికి జవాబు తయారైంది. దాన్ని నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. 'అర్జీదారు పేర్కొన్న స్థలము పటమునకు వెలుపల ఉన్నందున, సదరు స్థలమున నీరు, పంట, నష్టము మరియు అర్జీదారు ఉన్నట్లు ధ్రువీకరించుటకు వీలుపడదు. కావున అర్జీ పరిష్కరించబడినదిగా భావించి ముగించడమైనది.' చదివి వినిపించాక పారమ్మ అడిగింది, "అంటే నానూ నేనట్టేనా?"

"కాగితం ప్రకారం చెప్పడం కష్టమమ్మా," అన్నాను.

ఆవిడ పలుగు తీసుకుని గట్టుకి గండి కొట్టబోయింది. గట్టు తెగితే నీళ్ళు వాలున తిరిగి ఏట్లోకి పోతాయి. సైటు మీదున్న కాపలావాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆపారు. పటం అంచుకి గండి కొట్టడం నేరం. పైగా లేని నీరు పటంలోకి ప్రవేశిస్తే దాన్ని ఏ పద్దు కింద చూపాలో ఉత్తర్వులో రాయలేదు.

ఆ తరువాత నాలుగో నాడు ఈఈ గారే తనిఖీకి వచ్చారు. పారమ్మ కోసం కాదు. ఏరు ఎండిపోవడంతో సైటులో బాతులు కనిపించడం లేదని ఎవరో పైకి రాశారు. ఆటలో మూడు బాతులు ఉన్నాయి, నేల మీద ఒక్కటీ లేదు. నన్ను వెంటబెట్టుకుని ఎర్ర రాళ్ళ దాకా వచ్చి ఆయన ఆగిపోయారు. ఎదురుగా పారమ్మ చేలో మూడు తెల్ల బాతులు హాయిగా ఈదుతున్నాయి.

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"సింహాద్రీ," అన్నారు చివరికి, "అవి దేని మీద ఈదుతున్నాయోయ్?"

"నేను చెప్పకూడదండీ."

"నాకు కనిపిస్తోంది. కాకపోతే మనిషిగా కనిపిస్తోంది. ఈఈగా కనిపించడం లేదు." ఆయన నుదురు తుడుచుకున్నారు. అప్పుడు ఆయన మీద నాకు కాస్త జాలి కలిగింది. అది ఎక్కువసేపు నిలవలేదు. "బాతులు అనుమతి లేకుండా పటం దాటాయి. మెమో ఇవ్వాలి."

"బాతులకా అండీ?"

"బాతుల ఇన్‌చార్జికి."

మెమో వచ్చింది. జవాబు రాశాను. ఆ రోజు నుంచి పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి లేని నీళ్ళలోకి నడుంలోతు దిగడం, బాతుల్ని పట్టుకొచ్చి ఎండిన ఏట్లో వదలడం నా డ్యూటీలో భాగమైంది. మధ్యాహ్నానికి అవి మళ్ళీ చేలో ఉండేవి. పారమ్మ గట్టు మీద కూర్చుని చూసేది. నువ్వు పూత ఒక్కొక్కటీ నీళ్ళ మీద తేలుతూ ఉండేది. నన్ను ఒక్క మాట అనలేదావిడ. తిట్టి ఉంటే బాగుండేది.

కథ అడ్డం తిరిగింది ఒండ్రుమట్టి దగ్గర.

ఆటలో కట్ట మధ్యన పోయడానికి ఆరువందల తట్టల ఒండ్రు కావాలి. దాన్ని ఏటి అడుగు నుంచే తవ్వాలి. మా కూలీలు ఎర్ర టోపీలు సర్దుకుని ఏట్లో దిగి తవ్వితే గులకరాళ్ళు తగిలాయి. ఇంకా తవ్వితే ఇంకా గులకరాళ్ళు. నలభై రెండు పంపులు పదిహేను రోజులు పీల్చినప్పుడు నీళ్ళతో పాటు మెత్తటి ఒండ్రంతా పైపుల్లోంచి వెళ్ళిపోయింది. మంత్రిగారి చేత కట్ట ప్రారంభం చేయించడానికి అప్పటికే రోజు ఖాయమైంది. ఆహ్వానపత్రాలు కూడా అచ్చయ్యాయి.

"ఒండ్రు ఎక్కడుంది?" అన్నారు ఈఈ గారు.

"పారమ్మ చేలోనండీ. జానెడు మందాన పేరుకుంది. రోజూ కాళ్ళకి తగులుతూనే ఉంది."

ఆయన మొహం వెలిగిపోయింది. అరగంటలో నోటీసు తయారైంది. ప్రభుత్వానికి చెందిన ఆరువందల తట్టల ఒండ్రును పారమ్మ అక్రమముగా తన చేనులో నిలువ ఉంచుకున్నదనీ, ఏడు రోజుల్లో అప్పగించాలనీ అందులో ఉంది. ఆవిడ సంతకం చేసి ఇస్తేనే మట్టి తేవడానికి కూలీలను అంచు దాటించే వీలు.

నేను చదివి వినిపిస్తుంటే పారమ్మ రెండుసార్లు ఆపి మళ్ళీ చదివించుకుంది. తరువాత కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి ఒకచోట వేలు పెట్టింది.

"ఈడ కాలీగా ఉందేటి బాబూ?"

'సదరు సొత్తు మీ స్వాధీనమునకు చేరిన విధము' అన్న గడి అది. ఈఈ గారు నింపలేదు.

"మన్ను నా సేలోకి ఎలాగొచ్చిందో అందులో రాయమను. నానేటి తట్టల్తో మోసుకొచ్చీసినానా? రాస్తే సంతకం ఎట్టీస్తాను. కాలీ కాయితం మీద ఎట్టను," అంది. ఆ కాగితం మడిచి నా జేబులో ఆవిడే పెట్టింది.

ఆ గడి నింపడానికి మా డివిజన్లో మీటింగు జరిగింది. మధ్యాహ్నం రెండింటికి మొదలై దీపాలు పెట్టేవేళ దాకా సాగింది. నీరు అన్న మాట వాడకూడదు. నీరు అని రాస్తే అంచు దాటాక నీరు ఉన్నట్టు డివిజనే ఒప్పుకున్నట్టవుతుంది.

"గాలి," అన్నారు ఈఈ గారు. "గాలికి ఎగిరి పడింది."

"తడి ఒండ్రు ఎగరదు సార్," అంది నీలవేణి మేడమ్. "ఆరువందల తట్టలు ఎగిరితే ఊరు కూడా ఎగరాలి. వాతావరణ శాఖ సర్టిఫికెట్టు అడుగుతారు."

"ఎడ్లబండి?"

"అయితే దొంగతనం అవుతుంది సార్. పోలీసులొచ్చి కాపలా ఎందుకు లేదని మనల్ని అడుగుతారు."

ఈఈ గారు పైకప్పు కేసి చూసి, నా కేసి చూసి, మెల్లగా అన్నారు, "సింహాద్రీ, ఆ బాతులు రోజూ ఏట్లోంచి చేలోకి పోతున్నాయి కదా. వాటి కాళ్ళకి మట్టి అంటుతుందా?"

"అంటుతుందండీ."

"ఒక్కో కాలికి ఎంత?"

నేను ఆయన పరాచికాలాడుతున్నారేమో అనుకున్నాను. ఆయన కలం తీశారు. మూడు బాతులు, ఆరు కాళ్ళు, రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అని వరుసగా వేసుకుంటూ పోయారు. చివరికి ఆరువందల తట్టలు చేర్చడానికి ఆ బాతులకి నాలుగు వందల పదహారేళ్ళు పడుతుందని తేలింది. "బాతుల సంఖ్య పెంచినచో..." అని మొదలుపెట్టి, ఆటలో మూడే ఉన్నాయని గుర్తొచ్చి ఆగిపోయారు. గదిలో ఎవరూ నవ్వలేదు. ప్రారంభోత్సవానికి ఆరు రోజులే ఉంది.

పొద్దు గూకేవేళకి ఈఈ గారు తలుపు మూయించారు. నోటీసు ముందుకి లాక్కుని, ఆ గడిలో చాలా చిన్న అక్షరాలతో రెండు మాటలు రాశారు. 'నీటి ద్వారా.' రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశారు. "ఇది నోటీసులో మాత్రమే. ఆటలో కాదు. ఎవరూ చూడరు," అన్నారు, తనకి తాను చెప్పుకున్నట్టు.

పారమ్మ సంతకం పెట్టింది. కాగితం ప్రతి ఒకటి కొంగున ముడేసుకుంది.

మర్నాడు పది గంటలకి నీలవేణి మేడమ్ కంప్యూటరు ముందు కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను. "సింహాద్రి గారూ, కార్యాలయం రాతపూర్వకంగా అంగీకరించినది ఇరవై నాలుగు గంటల్లో ఆటలో ఎక్కించాలి కదా?" అంది.

"ఉత్తర్వులో అలాగే ఉంది మేడమ్."

"నేను జూనియర్ని. ఉత్తర్వు పాటించకపోతే నా ఉద్యోగం పోతుంది." ఆవిడ మొహంలో ఏ భావమూ లేదు. పటం అంచున బూడిదరంగులో బాణం పెట్టి 'నీరు ఉన్నది' అని ఎక్కించి మీట నొక్కింది.

తెర ఒక్కసారి వణికింది. వేలెడంత మనుషులు తట్టలు ఎత్తుకున్నవాళ్ళు ఎత్తుకున్నట్టే ఆగిపోయారు. ఎర్ర అక్షరాలు వచ్చాయి. 'పటము వెలుపల నీరు గుర్తించబడినది. ఆట కొనసాగించుట అసాధ్యము.' అర్ధగంటలో తెలిసిందేమంటే, రాష్ట్రం మొత్తానికి ఆట ఒక్కటే. ఎక్కడ చూసినా అదే ఆగిపోయింది. ఆట నిలిచినచో పని నిలుపవలెను. పదమూడు జిల్లాల్లో కట్టలు, కాలువలు, ఒకచోట గేటుకి సగం వేసిన రంగు కూడా ఎక్కడివక్కడ ఆగాయి. మా నలభై రెండు పంపులూ నోరు మూసుకున్నాయి. సారవలసలో జనం ఒకరి గొంతు ఒకరు విని ఉలిక్కిపడ్డారు.

ఏం జరిగిందో చెప్పడానికి నేను చేను దగ్గరికి వెళ్ళేసరికి పారమ్మ చేతిలో పలుగు ఉంది. కాపలావాళ్ళు పని ఆగిందని టోపీలు తీసి ఇళ్ళకి పోయారు.

"ఇప్పుడు కొట్టొచ్చా బాబూ?"

"పని ఆగిందమ్మా. ఆపడం కూడా పనే. ఆపేవాళ్ళు ఎవరూ లేరు," అన్నాను. ఇంకో పలుగు కోసం చుట్టూ వెతికి, దొరక్క, చేతులతోనే రాళ్ళు పెకలించాను. ఎర్ర రాయి ఒకటి ఊడిపోయింది, నీళ్ళు గండిలోంచి వాలున దిగి తుమ్మేటి వైపు పరుగెత్తాయి. పై నుంచి ఏరు కూడా వచ్చేస్తోంది. ఒళ్ళు పులకరించిందంటే నమ్మండి. ఇరవై ఏడేళ్ళలో నేను ఒక నీటిబొట్టుని సరైన చోటికి పంపడం అదే మొదటిసారి.

నువ్వు పంట మాత్రం పోయింది. ఒక్క మొక్క మిగల్లేదు. చేనంతా జానెడు మందాన నల్లటి ఒండ్రు పరుచుకుని ఉంది. పారమ్మ గుప్పెడు తీసి నలిపి వాసన చూసింది. నాలుగు రోజులు ఆరనిచ్చి పెసలు చల్లింది.

ఆట పంతొమ్మిది రోజులకి బాగైంది. కొత్త వెర్షనులో పంపులు తీసేశారు. వాటికి బదులు నదిని ఆపడానికి 'విరామం' అనే మీట పెట్టారు. అలాంటి మీట నేల మీద ఎక్కడ దొరుకుతుందో విచారించి ఇండెంటు పెట్టమని డివిజన్లకి రాశారు. అది ఇంకా విచారణలో ఉంది. మంత్రిగారి ప్రారంభోత్సవం మాత్రం వాయిదా పడింది. ఆరువందల తట్టల ఒండ్రు సిద్ధంగా ఉంచుకోవాలని ఆట బాగైన మొదటి రోజే తాఖీదు వచ్చింది.

ఈఈ గారు నలభై మంది కూలీల్ని వెంటబెట్టుకుని బయలుదేరారు. ఎర్ర టోపీలు, తట్టలు, పారలు, పెద్ద ఊరేగింపు. నేను వెనకాల నడిచాను. పారమ్మ చేను అప్పటికి నాలుగాకులేసింది. అంత ఆకుపచ్చని పెసరచేను నేను ఆ చుట్టుపక్కల చూడలేదు. ఆవిడ ఒక మూల వంగి కలుపు తీస్తోంది, తల ఎత్తింది.

"పారమ్మా, మట్టి తీసుకెళ్ళడానికి వచ్చాం. సంతకం పెట్టావు, గుర్తుందిగా," అని కేకేశారు ఈఈ గారు. కూలీల వైపు చెయ్యి ఊపి, గట్టు ఎక్కి, పాలిష్ చేసిన బూటుకాలు చేలో పెట్టారు.

పారమ్మ చేతిలో కలుపు పక్కన పెట్టి మెల్లగా దగ్గరికి వచ్చింది. ఆయన బూటు కేసి చూసింది. ఆయన మొహం కేసి చూసింది. ఎంతో మర్యాదగా చెప్పింది.

"కాలు ఎనక్కి తీసీండి బాబూ. పటం దాటీసినారు. ఆడ నేలే నేదు, పడిపోతారు."

కూలీలు తట్టలు దించి ఈఈ గారి వైపు చూశారు. ఎవరూ అడుగు వేయలేదు. ఆయన ఒక కాలు గట్టు మీద, ఒక కాలు చేలో పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. తరువాత కాలు వెనక్కి తీసుకున్నారు.